పాత చేతి గడియారం సర్వీసింగ్: లోపల మార్చవలసినవి, పైన ముట్టుకోకూడనివి

ఏళ్ల తరబడి సొరుగులో పడి ఉన్న ఖరీదైన మెకానికల్ చేతి గడియారం వారసత్వంగా దక్కినప్పుడు ఎవరైనా మొదట చేసే పని దానికి కీ ఇచ్చి చూడడం. టిక్కు టిక్కుమంటే బాగానే ఉందనీ, ఉలుకూ పలుకూ లేకపోతే పాడైపోయిందనీ తేల్చేస్తారు. ఈ రెండు తీర్పులూ చాలాసార్లు తప్పుతాయి. కదలని గడియారంలో ఎండిపోయిన నూనె తప్ప మరే లోపమూ ఉండకపోవచ్చు; చక్కగా నడుస్తున్నట్టు కనిపించే గడియారంలో నూనె తడి లేని ఇరుసులు తిరిగినకొద్దీ అరిగిపోతూ ఉండవచ్చు. ఆగిపోయిన యంత్రం తనను తాను అరగదీసుకోదు కాబట్టి, సర్వీసింగ్ చరిత్ర తెలియని పాత గడియారాల్లో నడుస్తున్నదాన్నే ఎక్కువగా అనుమానించాలి.

అటువంటి గడియారాన్ని రిపేరుకు ఇచ్చేటప్పుడు అడిగే మొదటి ప్రశ్న సాధారణంగా ఖర్చు గురించే ఉంటుంది. అంతకంటే ముందు తేలవలసింది ఏ భాగాలు మారుస్తారు, ఏ భాగాలు ముట్టుకోరు అన్నది. మెకానికల్ గడియారం చూడడానికి ఒకే వస్తువైనా, కాపాడుకునే విషయానికి వచ్చేసరికి అది రెండు వేర్వేరు వస్తువులు. లోపల ఉన్నది అరుగుదలకు లోబడిన యంత్రం. అందులోని మెయిన్‌స్ప్రింగు, రబ్బరు వాషర్లు, నూనెలు కాలానుగుణంగా మార్చడానికే ఉద్దేశించినవి, వాటిని మార్చినంత మాత్రాన గడియారం విలువ తగ్గదు. బయట ఉన్నవి డయల్, ముళ్లు, కేసు. వాటి మీద ఒకసారి చెయ్యి పడితే పాత రూపం మళ్లీ రాదు. సర్వీసింగ్ పేరుతో జరిగే అనర్థాల్లో ఎక్కువ భాగం ఈ రెండింటికీ వర్తించే నియమాలను తారుమారు చేయడం వల్లనే జరుగుతుంది: లోపల పొదుపు చేసి అలసిపోయిన స్ప్రింగునే ఉంచేస్తారు, బయట మాత్రం ధారాళంగా పాలిష్ పట్టి కొత్తదానిలా మెరిపిస్తారు.

నూనె చుక్క చేసే పని

యంత్రం నడిచే తీరు స్థూలంగా సరళమే. కీ తిప్పినప్పుడు బ్యారెల్ అనే చిన్న డబ్బీలో చుట్టగా ఉన్న మెయిన్‌స్ప్రింగు బిగుసుకుంటుంది. అది విప్పుకుంటూ పళ్ల చక్రాల వరుసను తోస్తుంది. ఆ వరుస చివర ఉండే ఎస్కేప్‌మెంట్ ఆ బలాన్ని చిన్న చిన్న తోపులుగా విడగొట్టి బ్యాలెన్స్ చక్రానికి అందిస్తుంది. సన్నని హెయిర్‌స్ప్రింగు ఆ చక్రాన్ని ఒకే లయలో అటూ ఇటూ ఊగేలా చేస్తుంది. బ్యాలెన్స్ చక్రానికి చుట్టల స్ప్రింగును జోడించే పద్ధతిని క్రిస్టియాన్ హైగెన్స్ 1675లో ప్రకటించాడు. నేటి మెకానికల్ గడియారాల్లో దాదాపు అన్నింటా కనిపించే లీవర్ ఎస్కేప్‌మెంట్‌కు మూలరూపాన్ని థామస్ మడ్జ్ 18వ శతాబ్దం మధ్యలో తయారుచేశాడు. అప్పటి నుంచి మూలసూత్రం మారలేదు కాబట్టే నూరేళ్ల నాటి గడియారాన్ని కూడా నేటి పనివాడు విప్పి, అర్థం చేసుకుని, మళ్లీ నడిపించగలుగుతున్నాడు.

ఆ యంత్రం మీద పడే శ్రమ మాత్రం తక్కువది కాదు. 1950ల నాటి గడియారాల్లో చాలావరకు గంటకు 18,000 బీట్ల (బ్యాలెన్స్ చక్రం ఒక వైపుకు ఒకసారి ఊగితే ఒక బీట్) వేగంతో నడుస్తాయి, అంటే రోజుకు 4,32,000. తర్వాతి కాలంలో సర్వసాధారణమైన 28,800 వేగంలో ఆ సంఖ్య రోజుకు 6,91,200కు, ఏడాదికి 25 కోట్లకు పైగా చేరుతుంది. ఈ కదలికలో అతి వేగమైన భాగమంతా కెంపు రాళ్లలో తొలిచిన రంధ్రాల మధ్య, మిల్లీమీటరులో పదో వంతు ప్రాంతంలో మందం ఉండే ఇరుసు మొనల మీద సాగుతుంది. కృత్రిమంగా కెంపులు తయారుచేసే పద్ధతిని ఆగస్త్ వెర్నాయ్ 1902లో వెల్లడించాక ఆ రాళ్లు చౌకయ్యాయి. డయల్ మీద కనిపించే ‘17 జ్యుయెల్స్’ అన్న మాట రాళ్ల లెక్కే తప్ప వాటి ఖరీదు కాదు, లోపల అమ్ముకోదగిన రత్నాలేవో ఉన్నాయని ఆశపడే వారసులకు నిరాశ తప్పదు.

రాయీ ఉక్కూ రాసుకునే ఆ చోట్లలో ఉండవలసింది కంటికి సరిగా ఆనని నూనె చుక్క. పాత రోజుల్లో డాల్ఫిన్ వంటి సముద్రజీవుల దవడ కొవ్వు నుంచి తీసిన నూనెను గడియారాలకు వాడేవారు. అది కొన్నేళ్లకే చిక్కబడి జిగురుగా మారేది. ఇప్పటి కృత్రిమ నూనెలు అంతగా చిక్కబడవు గాని, అవి కూడా మెల్లగా ఉన్న చోటు వదిలి పాకిపోతాయి, దుమ్మునూ అరిగిన లోహపు పొడినీ కలుపుకుని ఇరుసును సానపట్టే ముద్దలా తయారవుతాయి. అన్ని చోట్లా ఒకే నూనె పనికిరాదు. నెమ్మదిగా, ఎక్కువ బలంతో తిరిగే బ్యారెల్ దగ్గర చిక్కని గ్రీజు, బ్యాలెన్స్ మొనల దగ్గర పలుచని నూనె, చెయ్యి కదలికకే కీ ఎక్కే ఆటోమేటిక్ గడియారంలోనైతే స్ప్రింగు చివర జారే బ్యారెల్ గోడకు తగినంత పట్టునిచ్చే ప్రత్యేకమైన గ్రీజు కావాలి. చక్రాల పళ్లకు అసలు నూనె పెట్టరు; ఎస్కేప్‌మెంట్‌లో బ్యాలెన్స్‌కు తోపును అందించే ప్యాలెట్ ఫోర్క్ ఇరుసులను కూడా చాలా యంత్రాల్లో పొడిగానే వదిలేస్తారు. అందువల్ల గడియారాన్ని విప్పకుండానే ‘నాలుగు చుక్కల నూనె వేసి ఇచ్చేస్తాను’ అనే పనివాడి దగ్గర నుంచి దాన్ని వెనక్కి తీసుకోవడమే మంచిది, ఎందుకంటే మురికి మీద వేసిన కొత్త నూనె ఆ మురికిని మరింత లోతుకు చేరుస్తుంది.

‘కీ ఎక్కువ ఇవ్వడం వల్ల బిగుసుకుపోయింది’ అన్న నిర్ధారణ కూడా ఇటువంటిదే. మెయిన్‌స్ప్రింగు పూర్తిగా చుట్టుకోవడం రోజూ జరగవలసిన పనే గాని ప్రమాదం కాదు. నిండుగా కీ ఇచ్చినా గడియారం కదలడం లేదంటే బలం స్ప్రింగులో ఉన్నా చివరి చక్రం దాకా చేరడం లేదని అర్థం. కారణం ఎండిన నూనె కావచ్చు, విరిగిన ఇరుసు కావచ్చు, పళ్ల మధ్య చిక్కిన తుక్కు కావచ్చు. ఆగేదాకా తిప్పిన కీని ఇంకా బలవంతంగా తిప్పి ఏదైనా తెంచితే తప్ప, తప్పు కీ ఇచ్చినవారిది కాదు.

దీనికి విరుద్ధంగా, చూడడానికి పెద్ద జబ్బులా ఉండి నిజానికి చిన్నదైన లోపం ఒకటుంది. గడియారం ఒక్కసారిగా రోజుకు నిమిషాల కొద్దీ ముందుకు పరుగెడుతోందంటే అయస్కాంతం ప్రభావం సోకి ఉండే అవకాశం బలంగా ఉంటుంది. స్పీకర్లలో, హ్యాండ్‌బ్యాగు మూతల్లో, ఫోన్ల కవర్లలో ఉండే అయస్కాంతాలు పాత ఉక్కు హెయిర్‌స్ప్రింగు చుట్టలను ఒకదానికొకటి అంటుకునేలా చేస్తాయి. పొడవు తగ్గిన స్ప్రింగులా అది వేగంగా ఊగుతుంది. అయస్కాంత ప్రభావాన్ని తొలగించే పరికరం మీద పెడితే కొన్ని సెకన్లలో నయమయ్యే ఈ లోపానికి పూర్తి సర్వీసింగ్ డబ్బులు చెల్లించడం అనవసరం. దిక్సూచిని దగ్గరకు తెచ్చినప్పుడు దాని సూది కదులుతుందేమో చూడడం అందరికీ అందుబాటులో ఉన్న తొలి పరీక్ష.

యంత్రం ఆరోగ్యాన్ని కేస్ వెనుక మూత తెరవకుండానే అంచనా వేయడానికి పనివాళ్లు టైమ్‌గ్రాఫర్ వాడతారు. అది గడియారం చప్పుడును విని మూడు సంగతులు చెబుతుంది: రోజుకు ఎన్ని సెకన్ల తేడా వస్తోంది, బ్యాలెన్స్ చక్రం ఎన్ని డిగ్రీల మేర ఊగుతోంది, అటూ ఇటూ ఊగడంలో సమానత ఉందా లేదా. వీటిలో గిరాకీదారులు మొదటిదాన్ని మాత్రమే పట్టించుకుంటారు. తెలిసిన పనివాడు రెండోదాన్ని ముందు చూస్తాడు. నిండుగా కీ ఇచ్చి పడుకోబెట్టిన గడియారంలో ఊపు 270 నుంచి 310 డిగ్రీల మధ్య ఉంటే యంత్రం దిట్టంగా ఉన్నట్టు, 220కి దిగువకు జారితే ఎక్కడో బలం వృథా అవుతున్నట్టు. రోజుకు రెండు సెకన్ల తేడాయే చూపిస్తూ 190 డిగ్రీలే ఊగే గడియారం బాగున్నట్టు కాదు, వేగాన్ని సవరించే రెగ్యులేటర్‌ను ఎవరో జరిపి జబ్బును కప్పిపుచ్చినట్టు.

ఖచ్చితత్వం గురించి ఆశలు కూడా పరిమితిలో ఉండాలి. స్విట్జర్లాండ్‌లోని క్రోనోమీటర్ పరీక్షల సంస్థ కాస్క్ కొత్త యంత్రాలకు పెట్టే హద్దు రోజుకు సగటున మైనస్ 4 నుంచి ప్లస్ 6 సెకన్లు. రోజులో 86,400 సెకన్లుంటాయి కాబట్టి పది సెకన్ల తేడా అంటే వందకు 0.012 వంతు మాత్రమే. అరవై ఏళ్ల నాటి గడియారం చక్కగా సర్వీసయ్యాక రోజుకు పదిహేను సెకన్ల తేడాతో నిలకడగా నడిస్తే దాన్ని ఇంకా సవరించాలని పట్టుబట్టడంలో అర్థం లేదు. తేడా ఎంతన్నదానికంటే అది రోజూ ఒకేలా ఉందా అన్నది ముఖ్యం.

విప్పిన తర్వాత బయటపడేవి

పూర్తి సర్వీసింగ్ అంటే యంత్రాన్ని చివరి స్క్రూ దాకా విప్పి, శుభ్రపరిచే ద్రావకాల్లో కడిగి, ప్రతి ఇరుసునూ రాయినీ సూక్ష్మదర్శిని కింద పరీక్షించి, అరిగినవి మార్చి, నూనెలు పెడుతూ తిరిగి కూర్చి, వేర్వేరు భంగిమల్లో వేగం సరిచూడడం. ఇందులో పాత యంత్రాలు పెట్టే చిక్కులు తెలియనివారు చేసే నష్టం ఎంతో ఉంటుంది. ప్యాలెట్ ఫోర్క్ రాళ్లనూ బ్యాలెన్స్ కింద ఉండి ఆ ఫోర్క్ తోపును అందుకునే ఇంపల్స్ రాయినీ పట్టి ఉంచేది లక్క; వాటిని ఆల్కహాలులో నానబెడితే లక్క కరిగి రాళ్లు ఊడిపోతాయి. కొన్ని స్క్రూలకు ఎడమ చేతి మర ఉంటుంది, విప్పుతున్నాననుకుని బిగిస్తే తల తెగిపోతుంది. గత పనివాళ్ల స్క్రూడ్రైవర్ జారిన గీతలు, వంచి సరిచేసిన హెయిర్‌స్ప్రింగు, మరో యంత్రం నుంచి తెచ్చి అతికించిన చక్రం వంటివి మూత తెరిచాకే కనిపిస్తాయి. అరిగిపోయిన భాగాలకంటే ఇటువంటి పాత రిపేర్లను సరిదిద్దడానికే ఎక్కువ సమయం పట్టడం అరుదేమీ కాదు, విప్పకముందు చెప్పిన అంచనా విప్పాక పెరగడానికి ఒక నిజాయితీ గల కారణం ఇదే.

గడియారం ఏ దశాబ్దానిదన్న దాన్ని బట్టి దాని బలహీనతలు మారతాయి. నికెల్ ఉక్కు మిశ్రమాల మీద పరిశోధనకు 1920లో నోబెల్ బహుమతి పొందిన షార్ల్ ఎడ్వార్ గియోమ్ కృషి, ఆ తర్వాత 1930లలో వచ్చిన నివరాక్స్ మిశ్రమం వేడి చలువలకు చలించని హెయిర్‌స్ప్రింగులకు దారితీశాయి. అంతకు ముందటి గడియారాల్లో రెండు లోహాల అంచుతో చేసిన బ్యాలెన్స్ చక్రం, ఉక్కు హెయిర్‌స్ప్రింగు ఉంటాయి, వాటిని సరిదిద్దగలిగిన చేతులు నేడు తక్కువ. బ్యాలెన్స్ ఇరుసును దెబ్బల నుంచి కాపాడే ఇన్‌కాబ్లాక్ వంటి ఏర్పాట్లు కూడా 1930లలోనే మొదలై, తర్వాతి రెండు దశాబ్దాల్లో వ్యాపించాయి. అవి లేని గడియారం గట్టి నేల మీద ఒక్కసారి పడితే ఇరుసు మొన విరుగుతుంది. కొత్త ఇరుసు దొరకకపోతే లేత్ మీద ఒక్కటే తయారుచేయాలి. మెయిన్‌స్ప్రింగు సంగతి ఇంకా తేలిక. పాత నీలి ఉక్కు స్ప్రింగు ఏళ్లు గడిచేకొద్దీ సాగి బలం కోల్పోతుంది లేదా తెగుతుంది; దాని స్థానంలో అదే కొలతల్లో కొత్త మిశ్రమలోహపు స్ప్రింగు వేయడంలో ఎటువంటి సంకోచమూ అక్కరలేదు.

స్టాప్‌వాచ్ కూడా ఉండే క్రోనోగ్రాఫులు, ఎప్పటికీ సరిదిద్దనక్కరలేని క్యాలెండర్లు, గంటలు మోగించే రిపీటర్లు ఈ లెక్కలన్నింటికీ అతీతం. వాటిని అటువంటి యంత్రాలు ముందే విప్పి కూర్చిన అనుభవం ఉన్నవారికి తప్ప ఇవ్వకూడదు.

పేరు కంటే యంత్రం నంబరు ముఖ్యం

డయల్ మీద ఉన్న పేరు గడియారం విలువను నిర్ణయిస్తుంది గాని రిపేరు సాధ్యాసాధ్యాలను నిర్ణయించేది లోపలి యంత్రం ఎవరిదన్న సంగతే. స్విస్ పరిశ్రమలో పెద్ద పెద్ద పేర్లు కూడా చాలాకాలం ముడి యంత్రాలను ఇతరుల దగ్గర కొని తమ పనితనంతో తీర్చిదిద్దుకునేవి. 1967లో జెగెర్ లెకూల్త్ర్ తయారుచేసిన 920 యంత్రాన్ని ఆడెమార్ పిగె, పటేక్ ఫిలిప్, వాషెరాన్ కాన్‌స్టాంటిన్ మూడూ వేర్వేరు నంబర్లతో వాడుకున్నాయి. 1972లో వచ్చిన ఆడెమార్ పిగె రాయల్ ఓక్‌లో ఉన్నది దాని రూపమే. వాల్జూ 72 క్రోనోగ్రాఫ్ యంత్రం రోలెక్స్‌లోనూ హోయర్‌లోనూ ఉంది. ఒమెగా స్పీడ్‌మాస్టర్‌లో మొదట వాడిన 321 యంత్రం లెమానియా తయారీ. అందువల్ల ఒక ఖరీదైన గడియారానికి కావలసిన చక్రం, పేరు లేని మరో గడియారంలో దొరికే అవకాశం ఉంటుంది. ఆ సంగతి తెలిసిన స్వతంత్ర పనివాడు ఏళ్ల తరబడి సేకరించిన విడిభాగాల పెట్టెలే అతని అసలు పెట్టుబడి.

విడిభాగాల కొరతకు రెండు మూలాలున్నాయి. 1969 డిసెంబరు 25న సైకో విడుదల చేసిన ఆస్ట్రాన్‌తో మొదలైన, బ్యాటరీతో నడిచే క్వార్ట్జ్ గడియారాల ధాటికి 1970లలో, ఆ తర్వాత స్విస్ తయారీదార్లు అనేకులు మూతపడ్డారు, వాళ్ల నిల్వలు చెల్లాచెదురయ్యాయి. నిలిచిన కంపెనీలేమో విడిభాగాలను తమ అధికారిక సర్వీసు కేంద్రాలకే పరిమితం చేస్తూ వచ్చాయి. దీనిపై స్వతంత్ర రిపేరుదార్ల యూరోపియన్ సమాఖ్య 2004లో యూరోపియన్ కమిషన్‌కు ఫిర్యాదు చేసింది. కమిషన్ దాన్ని తోసిపుచ్చితే ఆ నిర్ణయాన్ని జనరల్ కోర్టు 2010లో రద్దు చేసింది. కమిషన్ మళ్లీ పరిశీలించి 2014లో తిరస్కరించగా ఈసారి 2017లో కోర్టు కమిషన్‌నే సమర్థించింది. గిరాకీదారుకు ఈ వివాదం దూరపు సంగతిలా అనిపించవచ్చు గాని, నమ్మకమైన చిన్న దుకాణంవాడు ‘పని వచ్చు, పార్టు లేదు’ అని గడియారాన్ని తిరిగి ఇచ్చేయడానికి కారణం చాలాసార్లు ఇదే.

గడియారాన్ని ఎవరికైనా అప్పగించే ముందే దాని గుర్తింపు తేల్చుకోవాలి. కేసు నంబరు, యంత్రం నంబరు, మూత లోపలి ముద్రలు ఫొటో తీయించి పెట్టుకోవాలి. స్విస్ బంగారు కేసుల్లో స్విట్జర్లాండ్‌కు ప్రతీక అయిన హెల్వేషియా అనే స్త్రీ తల ముద్ర 18 క్యారెట్ల బంగారానికి, ఉడత ముద్ర 14 క్యారెట్లకు గుర్తు. 1995 నుంచి వాటి స్థానంలో సెయింట్ బెర్నార్డ్ కుక్క తల ముద్ర వచ్చింది. 1839 నుంచి తాము తయారుచేసిన ఏ గడియారాన్నైనా సర్వీసు చేస్తామని పటేక్ ఫిలిప్ చెబుతుంది, రుసుము తీసుకుని పాత రిజిస్టర్ల నుంచి తయారీ వివరాలనూ ధ్రువీకరిస్తుంది. యంత్రం ఒకదానిదీ, కేసు మరొకదానిదీ కలిపి అతికిన గడియారం అని ఈ దశలోనే తేలితే, అధికారిక కేంద్రం దాన్ని తీసుకోకపోవచ్చునన్న సంగతి ముందే తెలుస్తుంది.

పైరూపం: ఎక్కువ చెడేది ఇక్కడే

కేసు మీద పాలిష్ అంటే లోహాన్ని తీసివేయడమే. మెరుగు పెట్టే చక్రం గీతను నింపదు, గీత లోతు దాకా చుట్టూ ఉన్న లోహాన్ని చెక్కుతుంది. కొత్తలో పట్టీ తగిలించే కొమ్ముల అంచులు పదునుగా, గీత గీసినట్టు ఉంటాయి. రెండు మూడు పాలిష్‌లకు అవి గుండ్రంగా మొద్దుబారుతాయి, బంగారు ముద్రలు మాసిపోతాయి, స్క్రూ రంధ్రాలు అంచుకు దగ్గరవుతాయి. బంగారు పూత కేసు అయితే కింది ఇత్తడి బయటపడుతుంది. లేజర్ వెల్డింగ్‌తో లోహం నింపి అంచులు తిరిగి చెక్కే నిపుణులు ఇప్పుడున్నారు, కాని అది పునర్నిర్మాణం, మొదటి అంచు కాదు. సర్వీసు రసీదు మీద ‘పాలిష్ వద్దు’ అని రాయించకపోతే చాలాచోట్ల పాలిష్ సర్వీసింగ్‌లో భాగంగానే జరిగిపోతుంది, అదీ మర్యాద అనుకుని.

కేసు వెనుక చెక్కిన పేర్లను, తేదీలను చెరిపించాలనే కోరిక కూడా కొందరికి కలుగుతుంది, అది అమ్మకానికి అడ్డమని. 2017లో న్యూయార్క్‌లో ఫిలిప్స్ సంస్థ నిర్వహించిన వేలంలో హాలీవుడ్ నటుడు పాల్ న్యూమన్ రోలెక్స్ డేటోనా కోటీ 77 లక్షల డాలర్లకు పైగా పలికింది. దాని వెనుక అతని భార్య చెక్కించిన, జాగ్రత్తగా బండి నడపమనే మాట అలాగే ఉంది. ప్రసిద్ధుల గడియారం లెక్క వేరే అన్నది నిజమే. అయినా సామాన్య కుటుంబపు గడియారానికి కూడా అది ఎవరిదో చెప్పే ఏకైక ఆధారం తరచుగా ఆ అక్షరాలే.

డయల్ విషయంలో పట్టింపు ఇంకా ఎక్కువగా ఉండాలి. గడియారం విలువలో పెద్ద వాటా డయల్‌దే, అతి సుకుమారమైనదీ అదే. పాత డయల్ మీద ముద్రించిన అక్షరాలు మెత్తని గుడ్డతో తుడిచినా లేచిపోవచ్చు. కొత్తగా రంగు వేసి అక్షరాలు మళ్లీ అచ్చు వేసిన డయల్ దూరం నుంచి శుభ్రంగా కనిపిస్తుంది. దగ్గరగా చూస్తే అక్షరాల మందం తేడాగా ఉంటుంది, నిమిషాల గీతలు అంకెలతో సరిగా కలవవు, అడుగున ఉండవలసిన ‘స్విస్’ అన్న మాట మాయమై ఉంటుంది. సేకర్తలు అటువంటి డయల్ కంటే మచ్చలు పడిన అసలు డయల్‌కే ఎక్కువ ఇస్తారు. ఎండకు గోధుమ రంగుకు తిరిగిన కొన్ని నల్ల డయళ్లకు అదనపు ధర కూడా పలుకుతుంది. నీరు చేరి రంగు పెచ్చులుగా ఊడి యంత్రంలో పడుతున్నప్పుడు, తుప్పు పట్టిన ముల్లు రాలిపోతున్నప్పుడు మాత్రం మార్చక తప్పదు, అప్పుడు పాత భాగాలను వదులుకోకుండా అడిగి తెచ్చుకోవాలి.

ముట్టుకోకూడదన్న నియమానికి ఆరోగ్య కారణం ఉన్న సందర్భం ఒకటుంది. 1960ల వరకు చీకట్లో వెలిగే అంకెలకు, ముళ్లకు రేడియం కలిపిన పూత వాడేవారు. ఆ డయళ్లకు రంగులద్దిన కార్మికులు, ముఖ్యంగా 1910లు 1920లలో కుంచె మొనను పెదవులతో సన్నం చేసుకున్న యువతులు, దవడ ఎముకలు కుళ్లి, రక్తహీనతతో, క్యాన్సర్లతో మరణించారు. రేడియం సగం క్షీణించడానికి 1,600 ఏళ్లు పడుతుంది; దాని పక్కన వెలిగే జింక్ సల్ఫైడ్ మాత్రం కొన్ని దశాబ్దాల్లోనే సత్తువ కోల్పోతుంది. కాబట్టి ఇప్పుడు వెలగడం లేదన్నది భరోసా కాదు. మూత మూసి ఉన్న గడియారం కంటే, తెరిచినప్పుడు పొడిగా రాలే పూత శ్వాసలోకి, నోటిలోకి పోవడమే అసలు ప్రమాదం. అందుకే 1960లకు ముందటి వెలుగు డయల్‌ను ఇంట్లో తెరవడం, గీకడం, అద్దం ఊడదీసి తుడవడం ఎంతమాత్రం తగదు, రిపేరుకు ఇచ్చేటప్పుడు ఆ అనుమానాన్ని పనివాడికి చెప్పి తీరాలి. తర్వాత వచ్చిన ట్రిటియం సగం జీవితకాలం 12.3 ఏళ్లే, డయల్ అడుగున ‘టీ’ అక్షరం దానికి గుర్తు. 1990ల నుంచి రేడియోధార్మికత లేని సూపర్ ల్యూమినోవా వాడుకలోకి వచ్చింది. అంకెలు వెలగకుండా ముళ్లు మాత్రమే వెలుగుతుంటే ఆ ముళ్లు తర్వాత మార్చినవి కావచ్చునని ఊహించవచ్చు.

ఎవరికి, ఏ షరతుల మీద

కంపెనీ సర్వీసు కేంద్రానికి ఇస్తే అసలు విడిభాగాలు, సాధారణంగా రెండేళ్ల హామీ, నీటి పరీక్ష దొరుకుతాయి. అయితే కంపెనీ దృష్టిలో గడియారం తన నేటి నాణ్యతా ప్రమాణాలకు తగినట్టు నడవవలసిన ఉత్పత్తి. ఆ ప్రమాణానికి అడ్డొచ్చే వెలిసిన డయల్‌నూ పాత పూత ముళ్లనూ నేటి ముద్రణతో ఉన్నవాటితో మార్చడం దానికి సహజం. రోజూ ధరించి తిరగాలనుకునేవారికి అది లోపం కాదు. వయసునూ గుర్తులనూ నిలుపుకోవాలనుకునేవారికి, పాతకాలపు యంత్రాల మీద చెయ్యి తిరిగిన స్వతంత్ర పనివాడే తరచుగా మేలు, అతని దగ్గర కావలసిన భాగం ఉంటే. ఎవరికి ఇచ్చినా రాతపూర్వకంగా ఉండవలసినవి ఒకటే: అడగకుండా పాలిష్, డయల్, ముళ్ల జోలికి పోకూడదు, మార్చిన ప్రతి భాగమూ తిరిగి ఇవ్వాలి, అంచనా దాటితే ముందుగా అడగాలి. కొన్ని కంపెనీలు పాత భాగాలను తిరిగి ఇవ్వవు, ఆ సంగతి సంతకం పెట్టకముందే తెలుసుకోవాలి.

సర్వీసు వ్యవధి గురించి కంపెనీల మాటల్లోనే తేడాలున్నాయి. రోలెక్స్ సుమారు పదేళ్లు అంటే ఒమెగా ఐదు నుంచి ఎనిమిదేళ్లు అంటుంది. ఇవి రోజూ వాడే గడియారాల లెక్కలు. ధరించే ఉద్దేశమే లేని గడియారాన్ని సర్వీసు చేయించి మళ్లీ సొరుగులో పెట్టడం వృథా ఖర్చు, అప్పుడప్పుడు కీ ఇచ్చి ‘నడిపించడం’ అంతకంటే హానికరం. ఎప్పుడు సర్వీసయిందో తెలియకపోతే మూత లోపలి వైపు భూతద్దంతో చూడాలి; చాలామంది పనివాళ్లు తమ గుర్తును, తేదీని అక్కడ సన్నగా గీస్తారు.

ఆలస్యం పనికిరాని సందర్భం మాత్రం అద్దం లోపల ఆవిరి కనిపించడం. పాత గడియారం మీద ఉన్న ‘వాటర్‌ప్రూఫ్’, ‘30 మీటర్లు’ అన్న మాటలు తయారైన రోజు సంగతి చెబుతాయి. 1926 నాటి తొలి రోలెక్స్ ఆయిస్టర్ అయినా దాని వంశంలోని ఏ గడియారమైనా, వాషర్లు గట్టిపడి పగిలాక నీటిని ఆపలేదు. లోపల చేరిన తేమ కొద్ది రోజుల్లోనే ఉక్కు భాగాలకు తుప్పు పట్టిస్తుంది కాబట్టి వెంటనే పనివాడి దగ్గరకు చేర్చాలి, హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టడం నూనెను మరింత పాకిస్తుంది. కొత్త వాషర్లు వేసి పరీక్ష చేయించాక కూడా పాత కేసును ఈతకు, స్నానానికి దూరంగానే ఉంచాలి.

సర్వీసై వచ్చిన గడియారం తొలి వారాల్లో కొంచెం ముందూ వెనుకా కావడం సహజం, నూనెలు కుదురుకున్నాక వేగాన్ని మరోసారి సరిచేయించుకోవడం హామీలో భాగమే. తేదీ చూపే గడియారమైతే రాత్రి తొమ్మిది నుంచి తెల్లవారుజాము మూడు వరకు తేదీని చేత్తో మార్చకూడదు, ఆ సమయంలో తేదీ చక్రాన్ని తిప్పే పళ్లు దానితో పెనవేసుకుని ఉంటాయి, బలవంతం చేస్తే విరుగుతాయి. మార్చి తీరవలసి వస్తే ముళ్లను ముందుగా ఆరు గంటల దగ్గరకు తిప్పి, తేదీ సరిచేసి, ఆ తర్వాత సమయం పెట్టుకోవాలి.